మా మావగారి కుడికాలు

మా మావగారు అమ్మిరాజుగారి నోట మాట రావాలంటే కారు సంగతి ఎత్తాలి. కూర బాగుందా అంటే ఊఁ అనేవారు. యానాంలో దొరగారి కారు అంటే మాత్రం చుట్ట ఆర్పేసి మొదలుపెట్టేవారు. విని విని నాకు కంఠతా వచ్చేసింది. ఫ్రాన్సులో చేసిన అమిల్కారు, రెండే సీట్లు, వెనకభాగం పడవలా కోసుగా ఉంటుంది. పుదుచ్చేరి నుంచి ఓడలో వచ్చింది. దానికి బ్రేకు కుడిపక్క, ఎక్సలేటరు మధ్యలో. "మామూలు డ్రైవర్లు దాన్ని తోలలేరమ్మా," అని మురిసిపోయేవారు. ఆయన తోలినన్నాళ్లూ ఒక్క కోడిపిల్ల కూడా దాని కింద పడలేదట.

ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లేటప్పుడు దొర ఆ కారుని ద్రాక్షారామంలో రైసుమిల్లు షావుకారుకి అమ్మేశాడు. కారుతోపాటు మావగారూ వచ్చేశారు. కొన్నాళ్లకి టైర్లు దొరక్క దాన్ని ఊక కొట్లోకి తోసేశారు. అందులో కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. మరో బండి ముట్టనని భీష్మించుకుని ఈయన మిల్లు గేటు దగ్గర కాపలాకి కూర్చున్నారు. మా అత్తగారు సూరమ్మ ఇందుకు ఆయన్ని జన్మంతా సాధించింది. ఆ కారుని 'నా సవతి' అనేది.

ఎనభై మూడులో షావుకారు కొడుకు కుక్కుటేశ్వరరావుగారికి ఆ కారు బాగుచేయించి ఊళ్లో తిరగాలని బుద్ధి పుట్టింది. కాకినాడ నుంచి ఆశీర్వాదం అనే మెకానిక్కు వచ్చాడు. తుప్పు గీకాడు, కొత్త రేకు వేశాడు, దొరకని పార్టులు లేతు మీద చేయించాడు. మావగారు రోజూ పక్కన పీట వేసుకుని ఏ నట్టు ఎక్కడిదో చెప్పేవారు. మనిషి పదేళ్లు చిన్నవాడైపోయాడు.

చివరి వారం ఆయన జ్వరంతో పడ్డారు. అప్పుడే ఈ షావుకారు కుక్కుటేశ్వరరావుగారు కారెక్కి చూసి, "ఈ పెడల్సేంటయ్యా ఇలా ఉన్నాయి? మా అంబాసిడర్‌లో ఉన్నట్టు పెట్టెయ్," అన్నారట. ఆశీర్వాదం బ్రేకుని మధ్యకి, ఎక్సలేటరుని కుడికి మార్చేశాడు. ఆ సంగతి మావగారికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? తోలేది షావుకారు కదా.

ముహూర్తం నాడు కారు ముఖం తూర్పుకి ఉండాలని పంతులుగారు దాన్ని మిల్లు గోడవైపు తిప్పించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. షావుకారు ఎక్కబోతూ ఆగి, జనంలో ఉన్న మావగారిని పిలిచారు.

"అమ్మిరాజూ, నీ చెయ్యి మంచిదయ్యా. మొదట నువ్వే కదుపు. నిమ్మకాయలు తొక్కించి ఆపెయ్, తర్వాత నేను చూసుకుంటా."

షావుకారు భార్య సత్యకుమారిగారు కూడా ముచ్చటపడి హారతిపళ్లెం మా అత్తగారి చేతికిచ్చారు. అత్తగారు కారుకీ గోడకీ మధ్య నిలబడింది. "నా సవతికి నేనే హారతి పట్టాల్సొచ్చింది చూడవే," అంది నాతో. నేను నవ్వాను.

ఆశీర్వాదం హ్యాండిల్ తిప్పి, ఇంజను అందుకోగానే పక్కకి తప్పుకున్నాడు. వాడికి అప్పుడైనా గుర్తుకు రావాల్సింది. మావగారు గేరు వేసి, క్లచ్చి వదులుతూ మధ్య పెడలు తొక్కారు. ఇంజను ఆగిపోయింది. "మర్చిపోయావేంటి తాతా," అని జనం నవ్వారు. రెండోసారి క్లచ్చి మెల్లగా వదిలేసరికి కారు దానంతటదే పాకింది. నిమ్మకాయలు చితికాయి. ఇక ఆపాలి. ఆయన కుడి పెడలు తొక్కారు.

అత్తగారు ఆ గోడ దగ్గరే పోయింది. అంతకుమించి నేను చెప్పలేను.

పోలీసులొస్తే షావుకారు, "ముసలాడు బతిమాలాడండి, కాదనలేకపోయాను," అన్నారు. ఆ నోట్లో పురుగులు పడ. ఆశీర్వాదం తలొంచుకున్నాడు. మావగారు కూడా, "నా కాలే తప్పిందండి," అన్నారు.

ఇంటికొచ్చాక ఆయన అన్నం మానేశారు. ఒకరోజు పెరట్లో కూర్చుని రోకలితో కుడికాలు కొట్టుకుంటుంటే లాక్కుని ఏడ్చాను.

పెద్దకర్మ అయ్యాక ఆశీర్వాదం మా గుమ్మంలోకి వచ్చి పెడల్స్ మార్చిన సంగతి చెప్పాడు. అప్పటిదాకా నాకూ తెలీదు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, "నాకు కాదు, ఆయనకి చెప్పు," అని లోపలికి తీసుకెళ్లాను. తన తప్పు కాదని తెలిస్తే నాలుగు మెతుకులు తింటారని నా ఆశ.

"బాబాయిగారండీ, బ్రేకు మధ్యకి మార్చేశానండి. మీరు తొక్కింది ఎక్సలేటరండి. మీ తప్పేం లేదండి."

మావగారు కోప్పడలేదు.

"ఆగట్లేదేంటా అని గట్టిగా తొక్కాన్రా," అన్నారు. "సూరమ్మ కేకేసింది. ఆ కేక విని ఇంకా గట్టిగా తొక్కాను."