తేనెటీగల ఇంటికి రంగు వేసిన వైనం

ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మమ్మ అంటూండేది. నేను అలికింది నా ఇల్లు కూడా కాదు, పన్నెండు తేనెటీగల కుటుంబాల ఇల్లు. రెండు డబ్బాల రంగు, నాలుగు ముక్కల గరుకు కాగితం, ఒక్క ఉదయం. ఇంత తక్కువ సామానుతో ఒక పెద్దాయన సంసారాన్ని గోకి పారేసిన మగాణ్ణి హెండర్సన్ ఊరు మొత్తం మీద నేనొక్కణ్ణే. చదివి నవ్వండి, నవ్వడానికే రాస్తున్నాను. మధ్యలో నేను ముక్కు చీదితే పట్టించుకోకండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. పామర్‌స్టన్ నార్త్‌లో చదువు ముగించి, ఆక్లాండ్‌లో ఉద్యోగం దొరికి, ఆ శివార్లలోని హెండర్సన్‌లో యాంకో అనే ముసలాయన పెరట్లోని ఒంటి గదిలో అద్దెకు దిగాను. ఆయన కుర్రతనంలో స్లొవేనియా నుంచి పెళ్ళాంతో ఓడెక్కి వచ్చినవాడు. ఆ పెళ్ళాం, మారియా, పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. నేనోసారి "తాతా" అని పిలిస్తే అర్థం అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత "అంకుల్" అంటే పలకడం మానేశాడు.

పెరటి చివర చెక్కతో కట్టిన చిన్న ఇల్లుండేది. మనమెరిగిన తేనె పెట్టెలు తోటలో విడివిడిగా ఉంటాయి కదా, వాళ్ళ దేశంలో అలా కాదట. ఒక గోడ నిండా పెట్టెలే, వంటింటి అలమరలో డబ్బాల్లా మూడు వరసల్లో పేర్చి ఉంటాయి. మనం ఇంట్లో నిలబడి పెట్టె వెనక తలుపు తీసి చూసుకోవచ్చు. ఈగలేమో గోడ బయటి వైపు నుంచి వస్తూ పోతూ ఉంటాయి. ఆ బయటి వైపు ప్రతి పెట్టెకూ ఒక చెక్క పలక, దాని మీద వెలిసిపోయిన మరక. నేను మరకే అనుకున్నాను. ఏడాది పాటు రోజూ ఆ దారినే నడిచి కూడా ఒక్కసారీ ఆగి చూడలేదు.

అక్టోబరులో, అంటే ఇక్కడి వసంతంలో, తాత జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే నన్ను దగ్గరికి పిలిచాడు.

"సీనూ, గిన్నెలో నీళ్ళు పొయ్యి. గులకరాళ్ళు వెయ్యి, లేకపోతే ఈగలు మునిగిపోతాయి."

"ఇంకేం చెయ్యాలి తాతా?"

"ఏం చెయ్యకు. అదే పని."

అన్ని పనుల్లోకీ అదే కష్టమైనదని నాకేం తెలుసు? దీపావళికి రెండు రోజుల ముందు ఆయన్ని ఇంటికి పంపిస్తున్నారని కబురొచ్చింది. పెద్దవాళ్ళు ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే, అందులోనూ పండగ పూట, పెచ్చులూడిన గోడ ఎదురు రావచ్చునా? మా తణుకులో అయితే ఈపాటికి వెల్ల వేసేసేవారు.

నిజామాబాద్ రవి నాతోపాటు చదువుకున్నవాడు, హార్డ్‌వేర్ షాపులో పని. ఎవరో కలిపించుకుని నచ్చక వదిలేసిన మీగడ రంగు డబ్బాలు రెండు పట్టుకొచ్చాడు. చలికి ఈగలు బయటికి రాకముందే, తెల్లవారుతుండగా మొదలుపెట్టాం. అన్నిటికంటే ముందు రవి బ్రష్షెత్తి పట్టుకుని సెల్ఫీ దిగాడు. ఈ సెల్ఫీని గుర్తు పెట్టుకోండి.

"అన్నా, గిదేదో బొమ్మ లెక్క ఉన్నది సూడు. చేప లెక్కుంది."

"చేపా లేదు, రొయ్యా లేదు. చెమ్మకి పట్టిన బూజు. గట్టిగా రుద్దు."

"తాతనొకసారి అడుగుదమా?"

"సర్‌ప్రైజ్ అంటే అడిగి చేస్తార్రా?"

రుద్దాం. చెక్క తెల్లగా తేలేదాకా రుద్దాం. ఆపైన రెండు పూతలు. నా జీవితంలో ఇంకే పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

ఎండెక్కింది. బయటికెళ్ళిన ఈగలు తిరిగొచ్చి గోడ ముందు గాల్లో ఆగిపోయాయి.

"చూశావా, మెచ్చుకుంటున్నాయి" అన్నాను.

"మెచ్చుకుంటలేవన్నా, కొట్టుకుంటున్నయ్!"

నిజమే. అన్ని తలుపులూ ఒకేలా ఉన్న అపార్ట్‌మెంట్‌లోలాగా ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి దూరుతోంది. గుమ్మంలో కాపలా ఉన్నవి ఊరుకుంటాయా? గడ్డిలో పడి కొన్ని గిలగిల్లాడుతున్నాయి. విడదీద్దామని నేను చీపురు పట్టుకుని వెళ్ళాను. తేనెటీగల తగువులోకి చీపురుతో వెళ్ళినవాడికి ఏం జరగాలో అదే జరిగింది. ముక్కు మీద రెండు, కనురెప్ప మీద ఒకటి, పెదవి మీద ఎన్నో తెలియదు. రవి కార్లో కూర్చుని అద్దాలెక్కించేసుకున్నాడు.

మర్నాడు తాత వాకర్ పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి నా ముఖం గుమ్మడికాయంత ఉంది. ఆయన నా ముఖం చూడలేదు. గోడనే చాలాసేపు చూశాడు.

"చేప ఏది?"

నేను రంగు డబ్బాను కాలితో వెనక్కి నెట్టాను.

"ఓడ ఏది? బాతు?"

"తాతా, బూజనుకున్నాను."

ఆయన వంగలేక వంగి, గడ్డిలోంచి ఒక పొడుగాటి ఈగను అరచేతిలోకి తీసుకున్నాడు. చచ్చిపోయి ఉంది.

"కొత్త రాణి. పెళ్ళి చేసుకుని వస్తోంది. తన గుమ్మం మీద చేపను చూసి వెళ్ళింది. చేప కనపడక పక్కింట్లోకి వెళ్ళి ఉంటుంది. చంపేశాయి."

దాన్ని చేతిలోనే ఉంచుకుని, "ఆ బొమ్మలు వాటికి అడ్రసులు. మారియా వేసింది. ఏడాదికొకటి. ఆ ఏడు మా ఇద్దరికీ జరిగింది ఏదో ఒకటి" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. నేను ఏడ్చాను. వాచిన ముఖం కాబట్టి అది ఏడుపని ఆయనకు తెలిసి ఉండదు.

తెల్లారి మారియా రంగుల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"వాటికి ఇల్లు తెలియాలి. వెయ్యి."

"నాకు బొమ్మలు రావు తాతా."

"తెలుసు. వెయ్యి."

ఆయన పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పాడు. వచ్చిన మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి పట్టిన చేప. మారియా దారి పొడవునా వాంతులు చేసుకున్న ఓడ. అది నా చేతిలో చెప్పులా తయారైంది. ఆయన్ని వీధి చివరిదాకా తరిమిన పక్కింటి బాతు. నా బాతును చూసి, "చేప ఇందాకే వేశావుగా" అన్నాడు. అలా పదకొండయ్యాయి. పన్నెండోదాని దగ్గర ఆగిపోయాడు.

"ఇక్కడేముండేది తాతా?"

వేళ్ళతో ఆ మీగడ రంగును తడిమాడు.

"గుర్తు లేదు. రోజూ కనిపించేది కదా, గుర్తుంచుకోలేదు."

ముక్కు మీది కాట్లు వారంలో తగ్గాయి. ఆ మాట ఇప్పటికీ కుడుతోంది.

అప్పుడు వెలిగింది నాకు, రవి సెల్ఫీ! ఫోన్ చేశాను.

"ఉందారా?"

"ఉందన్నా. మస్తొచ్చిన్నని డీపీ గూడ పెట్టిన."

ఫొటో వచ్చింది. వేళ్ళతో పెద్దది చేసి చూశాను. పదకొండు పలకలు మసగ్గా ఉన్నాయి. పన్నెండోది ఉండాల్సిన చోట పళ్ళికిలించిన రవి తలకాయ ఉంది. చెవి పక్కన కొంచెం ఎరుపు. అంతే.

చూపించక తప్పలేదు. తాత కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. భుజాలు అదరడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకుని భయపడ్డాను. నవ్వుతున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కూడా కారుతున్నాయి, అందులో నవ్వెంతో ఏడుపెంతో నాకు తెలియలేదు.

"వీణ్ణే వెయ్యి. ఈ ఏడు నాకు జరిగింది వీడే" అన్నాడు.

వేశాను. పన్నెండో కుటుంబం రెండు రోజుల్లో రవి ముఖాన్ని గుర్తుపట్టింది. వాళ్ళమ్మ అయితే గుర్తుపట్టదు.

బ్రష్షులు కడుగుతుంటే తాత ఇంకో మాట చెప్పాడు. "మా ఊళ్ళో యజమాని పోతే ఎవరో ఒకరు ప్రతి పెట్టెనూ తట్టి చెప్తారు. చెప్పకపోతే ఈగలు ఉండవు. నా వంతుకి నువ్వు చెప్పు."

"తెలుగులో చెప్తే తెలుస్తుందా?"

"ఇన్నేళ్ళూ నా ఇంగ్లీషు భరించాయి. నీ తెలుగూ భరిస్తాయి."

రెండో చలికాలంలో ఆయన పోయాడు. నేనూ రవీ ఈగల ఇంటి దగ్గరికి వెళ్ళాం. చేపను తట్టి చెప్పాను, "తాత పోయాడమ్మా". ఓడను తట్టి చెప్పాను. బాతును తట్టి చెప్పాను. లోపలి నుంచి ప్రతిసారీ సన్నగా రొద వినిపించింది. పన్నెండోదాని దగ్గరికి వచ్చేసరికి నేను పక్కకు తప్పుకున్నాను. "నేను చెప్తనన్నా" అని రవి ముందుకొచ్చి, తన ముక్కు మీద తానే రెండుసార్లు తట్టాడు. ఆ ఏడుపులోనే మాకు నవ్వొచ్చింది, ఆపుకోవడం మా వల్ల కాలేదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా, మిగిలిపోయిన అరడబ్బా మీగడ రంగు మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. ఎవరి గోడకైనా సరే, ముందు ఒక రోజంతా దాని ఎదుట కుర్చీ వేసుకుని కూర్చోకుండా రంగు వెయ్యను. మా ఆవిడ వంటింటికి రంగు వెయ్యమని నాలుగేళ్ళుగా అడుగుతోంది. పొయ్యి వెనక పోపు మరకలున్నాయి, నేనింకా కుర్చీలోనే ఉన్నాను. ఇదంతా ఒళ్ళు బద్ధకమని తనంటుంది. అందులో సగం నిజమే. మిగతా సగం రవి చెవి పక్కనున్న ఆ ఎరుపు.