కాప్చర్ కార్డుకు కాపలా తీసేసిన కనకలక్ష్మి

గవర్నర్‌పేటలో ఓ లాడ్జి మేడ మీద, ఒకప్పుడు హార్మోనియాలు బాగుచేసిన గదిలో, కనకలక్ష్మి చాలా ఏళ్ళుగా పెళ్ళిళ్ళకు వీడియో మిక్సింగ్ చేస్తోంది. వర్షాకాలంలో ఆ గోడలు ఇప్పటికీ లక్క వాసన వేస్తాయి.

ముహూర్తాల రోజుల్లో బెజవాడ మిక్సింగ్ వాళ్ళు వంట గుండిగలు ఇచ్చిపుచ్చుకున్నట్టు, కెమెరా బొమ్మను కంప్యూటర్లోకి తీసుకుని పెద్ద తెరకు పంపే కాప్చర్ కార్డులు ఇచ్చిపుచ్చుకుంటారు. కార్డుకు పసుపుదారంతో ఓ పెన్‌డ్రైవ్ కట్టి ఉంటుంది. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అందులోనే. అదెక్కడ పుట్టిందో, ఏయే కంప్యూటర్లు తిరిగొచ్చిందో ఎవరూ అడగరు. అడిగితే మనిషిని అనుమానించినట్టు.

ఇబ్రహీంపట్నం పెళ్ళికి ఆవిడ అలాగే ఒకటి తెచ్చుకుంది. మండపంలో ఎల్‌ఈడీ తెర మీద బొమ్మ ఆగాగి వస్తోంది. కార్డు ఇచ్చిన నాగులుకు ఫోన్ చేసింది.

“మెమరీకి కాపలా ఒకటుంటదక్కా, అది ఆపెయ్. మేమందరం ఆపేసుకునే బతుకుతున్నాం,” అన్నాడు.

ఆపేసింది. బొమ్మ హాయిగా జారింది.

డెల్టా కాలువల మీద లస్కరు తూము తలుపు ఎత్తితేనే పొలానికి నీళ్ళు. ఈ కార్డులకు ఆ మర్యాద లేదు. ప్రాసెసర్‌ను అడగకుండా మెమరీలోంచి బొమ్మల్ని నేరుగా తోడి తెరకు పంపుతాయి. ఎక్కడ తోడాలో చెప్పేది డ్రైవర్. అది తప్పు చోటు చూపిస్తే అడ్డుపడాల్సిన కాపలానే కనకలక్ష్మి తీసేసింది.

ముహూర్తానికి ఇంకా టైముందని పొద్దున అదే కంప్యూటర్లో సింధూరి వీడియో తెరిచింది. కూచిపూడిలో నాట్యం నేర్చుకున్న పిల్ల. కొట్టే మొగుణ్ణి వదిలి, కొడుకుతో దివిసీమలో ఓ ఊళ్ళో దాక్కుని, పిల్లలకు నాట్యం చెప్పుకుంటోంది. కోర్టుకివ్వడానికి దెబ్బలు చూపిస్తూ తీసుకున్న వీడియో అది. సీడీ చేసిపెట్టమని ఇచ్చింది.

“బయటికి పోదు కదా పిన్నీ?” అని అప్పుడే అడిగింది.

“నెట్టు తీగ పీకేసే పని చేస్తాలేమ్మా.”

పీకేసే చేసింది. వీడియో మాత్రం మూయకుండా పక్కకు నెట్టి పెళ్ళిపనిలో పడింది.

మంగళసూత్రం వేళ తెర నిండా గీతలు పడ్డాయి. గీతల మధ్య సింధూరి ముఖం, వాచిన కన్ను, వెనక నీలం గేటు, గేటు మీద ఇంటి పేరు, ఊరి పేరు. అక్షింతలు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. కనకలక్ష్మి తెర తీగ పీకేసరికే పైకెత్తిన ఫోన్లన్నీ దాన్ని పట్టేశాయి.

ముందు వరసలో ఓ పెద్దావిడ పక్కామె ఫోను లాక్కుంది. “మా మణికుమార్ పెళ్ళాం కాదుటే ఇది? ఆ గేటు పెద్దది చెయ్. ఏ ఊరో చదువు.”

తెర చూసుకునే జయంత్ గొంతు తగ్గించాడు. “మీకిది పొరపాటున కారింది మేడం. ఆ డ్రైవర్ సంగతి తెలిసినోడు కావాలనే తోడుకుంటాడు. ఇప్పటికే ఎవరెవరివి తోడేశాడో.”

కనకలక్ష్మి వినిపించుకోలేదు. సింధూరికి ఫోన్ కలిపింది. అవతల తాళం, పిల్లల అడుగులు.

“క్లాసు ఆపెయ్యమ్మా. ఇంటికెళ్ళకు. మీ ఆయన వాళ్ళకి నీ ఊరు తెలిసిపోయింది. నా చేతుల మీదే.”

తాళం ఆగింది. ముందు వరసలో పెద్దావిడ ఫోన్ చెవికి ఆనించుకుని, చెప్పుల కోసం వెతుక్కుంటూ బయటికి నడుస్తోంది.

“పిన్నీ,” అంది సింధూరి, “బాబు ఇంట్లోనే ఉన్నాడు.”