రెండు గిన్నెల్లో రబ్బరు ముక్కలు

లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటిన నా కారును మొన్న సర్వీసింగుకిచ్చి పక్కనే నిలబడి ఉండగా, మెకానిక్ బ్రేకు నూనె డబ్బా మూత తిప్పాడు. సన్నని వాసన ఒకటి నా దాకా వచ్చి, నన్ను మట్టెవాడలోని మా రేకుల షెడ్డు ముందు నిలబెట్టింది. వాసనలు జ్ఞాపకాలను మోసుకొస్తాయంటారు. కానీ ఆనాటి బ్రేకు నూనెలో ఆముదం కలిసి ఉండేది, ఈనాటిది వేరే రసాయనం. కాబట్టి నన్ను వెనక్కి లాగింది వాసన కాదు, ఆ మూత తిప్పిన తీరే అయి ఉండాలి.

అరవైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు, మా బాపుది నూనెల దుకాణం. ముందు గదిలో నువ్వుల నూనె, పల్లీ నూనె, ఆముదం పీపాలు, జిడ్డుకు నల్లబడిన గడప. వెనుక షెడ్డులో, చేతులు మారి మారి మాకు చేరిన విలాయతి కారు. దాని మైళ్ల మీటరు ఎన్నిసార్లు సున్నాకు తిరిగిందో ఎవరికీ తెలియదు. అందుకే ప్రతి ఆదివారం ఉదయం డ్రైవరు యాకూబ్ చిచ్చా ప్లగ్గులను గరుకు కాగితంతో గీకి, రేడియేటరు నింపి, కీళ్లకు గ్రీజు పట్టించి, ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చెవి ఒగ్గి వినేవాడు. నా ప్రశ్నలకు విసుక్కోని పెద్దమనిషి ఆయన ఒక్కడే. బ్రేకుల లోపల రబ్బరు బిళ్లలుంటాయనీ, ఇంజను నూనె తగిలితే అవి ఉబ్బి పాడవుతాయనీ ఆయనే చెప్పాడు.

ఆ ఎండాకాలం ఆయన వారం రోజులు ఊరికి పోవడంతో ఆదివారం పని బాపు చేతిలో పడింది. బ్రేకు నూనె తగ్గింది. చిచ్చా డబ్బా అడుగున నాలుగు చుక్కలే ఉన్నాయి. ఏ నూనెనైనా రెండు వేళ్ల మధ్య రాసి బాపు కల్తీ చెప్పగలడని బజారంతా నమ్మేది. నేను చూసినంతలో ఆ నమ్మకం తప్పలేదు. ఆ రోజూ ఇంజను నూనెను అలాగే రాసి చూసి, ఇదే శుభ్రమైనదని తేల్చి కారు బ్రేకు నూనె తొట్టిలో పోశాడు. నేను చిచ్చా మాట గుర్తుచేశాను.

"నలభై ఏండ్ల సంది నూనెలల్లనే బతుకుతున్న. నాకు నువ్వు చెప్తవానే?" అన్నాడు.

మర్నాడు అదే కారులో, నెలలు నిండిన మా అక్కను హన్మకొండ దవాఖానలో చూపించాలి. దారి పొడవునా ఎడ్లబండ్లు, రిక్షాలు.

అయితే చిచ్చా మాట మాత్రం నిజమని నాకెలా తెలుసు? సైకిలు వాల్వు ట్యూబును రెండు సమాన ముక్కలుగా కోసి, పొడవులు కాగితం మీద గీసుకుని, ఒకటి ఆ నాలుగు చుక్కల్లో, రెండోది ఇంజను నూనెలో వేసి గూట్లో దాచాను. తెల్లవారి, వంటింట్లో సర్వపిండి కాలుతున్న వేళ తీసి చూస్తే ఒకటి గీతకు సరిగ్గా ఉంది. రెండోది గీత దాటి సాగి, మెత్తగా, వేలికి జారిపోతున్నది.

నేను బయటికి వచ్చేసరికి అక్క వెనుక సీట్లో కూర్చుని ఉంది, బాపు స్టీరింగు పట్టాడు. కారు ముందుకు పోయి రెండు గిన్నెలూ బానెట్ మీద పెట్టాను. దుకాణం ముందున్న బేరగాళ్లందరూ ఇటే చూశారు. బాపు ముఖం ఎర్రబడింది.

"నీ గిన్నెల రబ్బరు ఉబ్బితే నా బండి ఆగదా?"

"రెండు గిన్నెలు పెట్టిన బాపూ. ఒక్కదాంట్లనే ఉబ్బింది."

ఆయన దిగి వస్తుంటే కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఉబ్బిన ముక్కను తీసి రెండు వేళ్ల మధ్య రాశాడు, లాగాడు, మళ్లీ రాశాడు. రెండో ముక్కనూ అలాగే చూశాడు.

చివరికి అక్కే కడుపు పట్టుకుని మెల్లగా దిగి, "గీ వకీలుతోని మనతోని కాదు గని, రిక్షా పిలువు బాపూ" అంది.

బాపు రిక్షా వెంట హన్మకొండ దాకా నడిచిపోయాడు. మూడో రోజు అక్కకు కొడుకు పుట్టాడు. చిచ్చా తిరిగొచ్చి చక్రాలు విప్పితే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి ఉన్నాయి. కానీ అప్పటికి అవి వారం రోజులు నానాయి. ఆ సోమవారం ఉదయం ఎలా ఉన్నాయో దాన్నిబట్టి చెప్పలేము. కారు సరిగ్గానే ఆగి ఉండవచ్చు.

అక్క ఈ వాదనను ఏనాడూ ఒప్పుకోలేదు. "నా పానం, నా కొడుకు పానం ఇదే నిలబెట్టింది" అని ఇంటికొచ్చిన ప్రతివారికీ నన్ను చూపించి చెప్పేది, నేను ప్రతిసారీ అడ్డుపడేదాన్ని. షెడ్డు పోయింది, దుకాణం పోయింది, బాపు, చిచ్చా పోయారు, నిరుడు అక్కా పోయింది. అడ్డుపడటానికి ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు లేరు. ఆ ఉదయాన్ని చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. ఒక్క సాక్షి మాటను నేనెన్నడూ రుజువుగా తీసుకోలేదు.