సువార్త వెళ్ళనంది

కరోనా తర్వాత బళ్ళు మళ్ళీ తెరిచిన ఏడాది అది. ప్రకాశం జిల్లాలో ఒక ఆడపిల్లల హోమ్‌కి నేను సోషల్ వర్కర్‌ని. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లల్ని హోమ్ నుంచి పంపించే పని నాది. బంధువులుంటే వాళ్ళకే అప్పగిస్తాం. దీన్ని మేము రెస్టొరేషన్ అంటాం. కాగితాలు తొందరగా తేలిపోతాయి కాబట్టి అందరికీ అదే ఇష్టం, నాకూ అంతే.

సువార్త పదేళ్ళప్పుడు మా దగ్గరికి వచ్చింది. తల్లి చనిపోయింది, తండ్రి ఎటు వెళ్ళాడో తెలియదు. పద్దెనిమిది నిండిన వారంలో దర్శి దగ్గర పల్లె నుంచి మేనమామ ఏసురత్నం ఆటో మాట్లాడుకుని వచ్చాడు. ఆయన భార్యకు కాలు విరిగింది. మిరపకోతలు మొదలయ్యాయి, ఇంట్లో వండిపెట్టే మనిషి లేదు. ఆ మాట ఆయన దాచలేదు కూడా.

సువార్త పెట్టె తెచ్చుకుని వరండా మెట్ల మీద కూర్చుంది. ఆటో ఎక్కలేదు.

"లెయ్యమ్మా, పొద్దు పోతంది," అన్నాడు ఏసురత్నం.

"నేను రాను మావయ్యా. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తా."

"గవర్నమెంటు కూడు తిని నోరు లేచిందే నీకు."

"ఎనిమిదేళ్ళలో ఒక్కసారన్నా చూడ్డానికొచ్చావా? కూడు పెట్టినోళ్ళకు జవాబు చెప్పుకుంటాలే."

ఏసురత్నం తల దించుకున్నాడు. నేను అప్పగింత కాగితం చేతపట్టుకుని సువార్త దగ్గరికి వెళ్ళి, సంతకం పెట్టమన్నాను. సువార్త తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. అమ్మాయి అభిప్రాయం అన్నచోట వేలు పెట్టింది. అక్కడ 'సమ్మతమే' అని ఉంది. రాసింది నేనే, ఆ పిల్లను ఒక్క మాటైనా అడగకుండా.

"నేను పెద్దదాన్నయ్యానని పంపించేస్తున్నారు గదా మేడం. మరి పెద్దదాన్ని ఒక్క మాట అడగలేదేంది?"

పదిహేనేళ్ళ సర్వీసులో అంత సిగ్గుపడిన రోజు లేదు.

సూపరింటెండెంట్ గారు నన్ను లోపలికి పిలిచారు. "ఆ పిల్ల మొండిది. ఎలాగోలా నచ్చచెప్పి పంపించండి," అన్నారు.

"పంపించనండీ. తప్పు రాసింది నేను," అని ఆవిడ ఎదుటే ఆ కాగితం మీద అడ్డంగా గీత కొట్టేశాను. ఆఫ్టర్‌కేర్ కోరుతూ ఇంకొకటి రాశాను. హోమ్ వదిలిన పిల్లలకు ఇరవై ఒకటి నిండేదాకా చదువుకీ బసకీ ఇచ్చే ఆసరా అది. చట్టంలో ఉన్నా, మా దగ్గర అడిగేవాళ్ళు తక్కువ. పిల్లల కేసులు చూసే కమిటీ ముందు నా తప్పు నేనే చెప్పాను. మెమో ఇచ్చారు, తీసుకున్నాను. సువార్తకు ఆఫ్టర్‌కేర్ కూడా ఇచ్చారు.

ఐటీఐలో ఆ ట్రేడులో చేరిన ఆడపిల్ల తనొక్కతే. స్తంభం ఎక్కలేవని మగపిల్లలు నవ్వితే, అందరికంటే ముందు ఎక్కి పైనుంచి వాళ్ళను పేరుపేరునా పిలిచిందట. ఇప్పుడు చీమకుర్తిలో గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. మోటారు ఆగితే అందరూ ఆమె కోసమే చూస్తారు.

మొన్నామధ్య ఫోన్ చేసింది. "మావయ్య కొత్త గదికి వైరింగ్ చెయ్యమన్నాడు మేడం. పోయి చేసొచ్చా. అత్త చేపల పులుసు పెట్టింది. సాయంత్రానికి నా రూముకొచ్చేశా," అంది.

పిల్ల 'వెళ్ళను' అంటే మొండితనం అని ఫైల్లో రాసేవాళ్ళం. ఆ మాట వెనక ఆమె ఎంచుకున్న దారి ఒకటి ఉంటుందని సువార్త వల్ల తెలిసింది. ఇప్పుడు ఒక్కో పిల్లతో రెండు మూడు రోజులు కూర్చుంటున్నాను. ఫైళ్ళు కదలడం లేదని పైవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీండి.