సగం దగ్గర ఆగిన ముల్లు

మా పాత జీపులో డీజిల్ ముల్లు సగం దగ్గరే ఆగిపోయిందని మా ఆయనకి వారాల తరబడి చెప్పాను. టాంకులో డీజిల్ మీద తేలే ఇత్తడి బెండుకి చిల్లు పడితే, కొత్తది తెప్పించకుండా చేపల వల బెండుని కోసి, తంగూసుతో కట్టింది ఆయనే.

"మద్రాసు నుంచి ఈ దీవికి ఓడలో వచ్చేసరికి ముసిలోళ్ళమైపోతాం" అన్నారు. అప్పటికే ముసలివాళ్ళం.

మాయాబందర్‌లో మా చెల్లెలు పోయిందని కోడి కూయకముందే ఫోను వచ్చింది. చీకటి పడేలోగా సమాధి చేస్తామన్నారు. తుష్నాబాద్ నుంచి అక్కడికి అడవి దాటి వెళ్ళాలి. అడవి మొదట్లో ఉన్న గేటు దగ్గర బళ్ళన్నిటినీ వరసకట్టించి ఒకేసారి వదులుతారు. మొదటి వరస తప్పితే చెల్లెలి ముఖం చూడడం దక్కదు.

నేను టాంకులో ముంచి చూడ్డానికి కొలకర్ర తీశాను.

"చావు కబురొస్తే కర్రేటే? ఎక్కు! ఆధా టాంక్ ఉంది."

"సోమవారం ఖాళీ టాంకులో ఇరవై లీటర్లు పోయించాం. లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు. రానూపోనూ యాభై కిలోమీటర్ల పైనే ఉన్న అబర్డీన్ బజారుకి మూడుసార్లు వెళ్ళొచ్చాం. ఇంకేం మిగులుతుందండీ?"

"లెక్కల మేడమ్ గారూ, ముల్లు అబద్ధమాడుద్దా?"

ఎక్కాను. గేటుకి ముందున్న ఎత్తు మీద ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు సగం దగ్గరే ఉంది. ఆయన లారీవాళ్ళని బతిమాలి ఒక డబ్బా డీజిల్ తెచ్చారు. పోసినా బండి కదల్లేదు. ఎండిపోయిన డీజిల్ ఇంజను, గొట్టాల్లో చేరిన గాలి తీస్తేగాని అందుకోదు. ఆయన బోల్టు విప్పి పంపు కొడుతుంటే, మొదటి వరస బళ్ళు మమ్మల్ని దాటుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాయి.

మేం చేరేసరికి చీకటి పడింది. సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది. పాస్టరుగారు నాకోసం మళ్ళీ ప్రార్థన చేస్తానన్నారు. వద్దన్నాను.

తిరిగొచ్చాక బండిని మెకానిక్కుకి ఇచ్చాం. అతను టాంకు మూత విప్పి, డీజిల్ తాగి ఉబ్బి, లోపలి రేకుల మధ్య ఇరుక్కుపోయిన వల బెండుని బయటికి లాగాడు.

"దీదీ, యే క్యా హై? ముల్లు కట్టారా, చేపలు పట్టారా? ఎవరి పని ఇది?"

నేను ఆయన వైపు చూశాను.

"ముందు రిపేరు చేసినోడెవడో" అన్నారు ఆయన, చేతులు తుడుచుకుంటూ.

ఓడలో కొత్త బెండు వచ్చింది, మెకానిక్ బిగించాడు. ఇప్పుడు ముల్లు కచ్చితంగా చూపిస్తుంది. బయల్దేరేముందు ఆయన ముల్లు మీది అద్దాన్ని వేలితో కొట్టి, "చూసుకో, బరాబర్ ఉంది" అంటారు. మా చెల్లెలి మాట మాత్రం ఈనాటివరకూ ఎత్తలేదు.

నేను దిగి, మూత తీసి, కర్ర ముంచుతాను. లెక్క ప్రతిసారీ ముల్లుతో సరిపోతోంది. అయినా ముంచుతాను. అంతసేపూ ఆయన స్టీరింగు పట్టుకుని కూర్చోవలసిందే.