మొదటి ముక్క

బ్రిటనీలో మా ఊరి దొర తంగీ ద కెర్లోవన్ గారు తన పొలం తానే దున్నుకుంటారు. దున్నినంతసేపూ నడుముకు కత్తి వేలాడుతూనే ఉంటుంది. లేకపోతే చూసినవాళ్లు రైతనుకునే ప్రమాదముంది. చెక్కజోళ్లకు పేడ, కోటు మోచేతికి మాసిక, గడ్డం మాత్రం ఆకాశంలో. పన్ను కట్టనక్కరలేని వంశం. కట్టమన్నా కట్టడానికేమీ లేదు. ఆయనకు మిగిలిన రాజ్యమల్లా చర్చిలో ముందు బల్ల, ఆదివారం పంచే దీవెన రొట్టెలో మొదటి ముక్క.

మొన్న రొట్టె చేయించే వంతు నారబట్టల వర్తకుడు రివాలన్‌ది. వెన్న దండిగా వేయించి, కొత్త విగ్గుతో వచ్చి కూర్చున్నాడు. పళ్లెం పట్టిన చర్చి నౌకరు గుల్వెన్ తిన్నగా రివాలన్ దగ్గరికే నడిచాడు. దొరగారు లేచి కత్తి పిడి పట్టుకున్నారు.

"తుప్పు పట్టింది, రాదులెండి దొరా!" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

రాలేదు. దొరగారు ఒరతో సహా ఎత్తి పళ్లేనికి అడ్డం పెట్టారు.

"రొట్టె రివాలన్ గారు చేయించిందండీ," అని నసిగాడు గుల్వెన్.

"పిండి ఆయనదేలేరా. మొదటి ముక్క మాది. ఇటు పట్రా!"

పళ్లెం వెనక్కి తిరిగింది. దొరగారు అన్నిటిలోకీ పెద్ద ముక్క తీసుకుని, గతించిన పూర్వీకులందరి తరఫునా నిదానంగా నమిలారు. ఫాదరుగారు ఆగారు, ఊరు ఆగింది, రివాలన్ చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. చివరికి దొరగారు మింగి, రివాలన్ వైపు దయగా చూశారు.

"ఊఁ, తినచ్చు. ఇక మీరు కానివ్వండి."