మాట కోసం కొట్టలేదు

ఇంటర్నెట్లో రాసిన ఒక్క మాటకు నేను మనిషి తల పగలగొట్టినానని తిరుపతిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తల పగిలింది నిజం. మాట కోసం అన్నది అబద్ధం. మాటల కోసం తలలు పగలగొట్టేదాన్నయితే మా అత్తగారింట్లో ఒక్క తలా మిగిలుండేది కాదు.

ఇంటింటికీ కంప్యూటర్ రాని రోజులవి. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు వైపు తల్లులం కొందరం ఈమెయిల్ గ్రూపు ఒకటి పెట్టుకున్నాం. టీకాలు, రాగిజావ, బళ్ళో సీట్లు, ఇవే కబుర్లు. ఎవరేం రాసినా ముందు నాకొస్తుంది, నేను సరేనంటేనే అందరికీ పోతుంది. నోరు ఎక్కువని ఆ పని నాకు అంటగట్టినారు. పొద్దున్నే బిడ్డను చంకనేసుకుని లాడ్జీల వీధిలోని ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని మెయిల్స్ చూసేదాన్ని. నా బిడ్డకు ఏడేళ్ళు, కాళ్ళు నిలవవు. ఇనుప కమ్మీలు బిగించిన బూట్లు తొడిగితే కాసేపు నిలబడేది.

కుంటి, మూగి, మెంటల్. చదువుకున్న తల్లులు ఈ మాటల్ని మెయిల్స్‌లో, పోపులో కరివేపాకు వేసినట్టు వేసేవాళ్ళు. అడిగితే "ఊరికే అంటిమి లే అక్కా" అనేవాళ్ళు. అందుకని ఒక షరతు పెట్టినాను. ఆ మాట ఉన్న చోటల్లా మీ బిడ్డ పేరు పెట్టి పంపండి, అక్షరం మార్చకుండా వేస్తాను. ఎవరూ పంపలేదు. మాటలు తగ్గినాయి.

అప్పుడు చిత్తూరు నుంచి ఒకామె రాసింది. మెంటలోడిని మన పిల్లల పక్కన కూర్చోబెట్టొద్దు, మెంటలోడికి బడెందుకు, మెంటలోడిని ఇంట్లో కట్టేసుకోవాల. నా షరతు ఆమెకూ పంపినాను. మర్నాటికి మెయిల్ తిరిగొచ్చింది. మెంటలోడు అన్న ప్రతి చోటా తన కొడుకు పేరు. కింద, "ఇప్పుడు వెయ్యక్కా."

మొండిది, నన్ను గెలవాలని చూస్తోంది అనుకున్నాను. మాటిచ్చినాను కాబట్టి వేసినాను.

గ్రూపులో ఆమె ఆడబిడ్డ కూడా ఉండిందంట. నేను యాడ కూర్చుంటానో కూడా ఆ ఆడబిడ్డకు తెలుసు, పోయి ఇంట్లో చెప్పింది. రెండు రోజులకు చిత్తూరామె మొగుడు సెంటర్‌కే వచ్చినాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడిచిన కాగితం.

"మెయిల్స్ వేసేది నువ్వేనా?"

"నేనే. కూసో అన్నా."

"మా ఇంటి పరువు ఊరంతా పంచితివే. రాసినదాని చెయ్యి విరిచే వచ్చినాను. వేసిన చెయ్యి ఇంకా ఉండాది."

"కన్నకొడుకు పేరు పరువు తక్కువ ఎట్లయిందప్పా నీకు?"

కీబోర్డు ఊడబెరికి నా మొహం మీద కొట్టినాడు. పెదవి చీలింది. పన్నొకటి ఊడి నాలుక మీద పడింది. అప్పటికీ నేను లేవలేదు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

"ఇదెవురు, నీ కుంటిదా?" అని బిడ్డ కుర్చీని తన్నినాడు. నుదురు బల్ల అంచుకు కొట్టుకుని బిడ్డ నేల మీద పడింది. ఏడవలేదు. నా వైపు చూసింది. కాలి నుంచి జారిన బూటు నా చేతికందింది. ఇనుప వైపు తిప్పి కొట్టినాను. నెత్తురొచ్చినాక కూడా కొట్టినాను. వాడు కింద పడినాక వంగి కొట్టినాను. సెంటర్ వాళ్ళు జుట్టు పట్టి లాగేదాకా కొట్టినాను. దానికి నాకు ఈనాటికీ బాధ లేదు.

వాడు కేసు పెట్టలేదు. పెడితే స్టేషన్లో ఆ మెయిల్ చదవాల కదా. గ్రూపు తల్లులు మాత్రం "ఒక్క మాటకు ఇంత చేస్తారా అక్కా" అని రాసి నన్ను తీసేసినారు. చిత్తూరామె మళ్ళీ గ్రూపుకు ఏమీ రాయలేదంట.

పెదవి కుట్లు మానినాక చిత్తూరు బస్సెక్కి ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయినాను. తాళం. పక్కింటామె వాకిట్లో బియ్యం చెరుగుతా ఉండింది. పిల్లోడు బాగుండాడా అని అడిగినాను.

"ఏ పిల్లోడు? ఆ ఇంట్లో పిల్లోడు యాడుండాడమ్మా? గోడకు గోడ ఉండాం, మేమెప్పుడూ సూడలా."

అందరూ నన్ను అడిగేది బూటు గురించే. ఆ మెయిల్లో మూడో వాక్యం గురించి ఒక్కరూ అడగరు. కొడుకు పేరు పెట్టి, ఇంట్లో కట్టేసుకోవాల అని రాసి పంపిందే, అది నా మీద పంతమా, లేక బిడ్డను కట్టేసి ఉండారని మాకు చెప్పిందా?